మత్తు డాక్టరుకు చెప్పాల్సిన మాట

పత్తి చేలకు మందు కొట్టే కాలంలో మన రాయచూరు వైపు దవాఖానాల్లో ఒక రక్తపరీక్ష తరచూ రాస్తుంటారు. గాలి ఎదురు తిరిగి మందు ఒంటి మీద పడి, చెమటలు కక్కుతూ, నోట్లో నురగతో, కంటిపాపలు ఆవగింజంతయి ఒక రైతును మోసుకొస్తారు. డాక్టరు వెంటనే నెత్తురు తీయించి సూడోకోలినెస్టరేజ్ ఎంతుందో చూడమంటారు. అది మన కాలేయం తయారుచేసి నెత్తురులోకి వదిలే ఒక ఎంజైము. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు దాన్ని పట్టుకుని పని చెయ్యనివ్వవు. అంకె ఎంత పడిపోతే విషం అంత ఎక్కిందని లెక్క.

పిల్లలూ, ఈ రోజు కబుర్లు ఆ ఎంజైము గురించే. ఎందుకంటే, ఏ మందూ కొట్టకుండా, చేను గట్టయినా తొక్కకుండా, బజార్లో కొట్టు మీద కూర్చుని పద్దులు రాసుకునే మనిషి నెత్తురులో కూడా ఆ అంకె దాదాపు సున్నా ఉండొచ్చు. అతనికి ఏ రోగమూ ఉండదు. తింటాడు, తిరుగుతాడు, పిల్లల్ని కంటాడు, ముని మనవళ్ళను ఎత్తుకుంటాడు. ఆపరేషన్ బల్ల మీద ఒకే ఒక్క ఇంజక్షన్ పడితే తప్ప అతనికీ పక్కింటాయనకీ తేడా తెలియదు.

అలాంటివాళ్ళు మావాళ్ళలో ఎక్కువ. మావాళ్ళంటే కోమట్లు, ఆర్యవైశ్యులు. అందుకే ఈ సంగతి ఇంకొకరు చెప్పేకంటే మాలో ఒకడు చెప్పడమే మర్యాద అనిపించింది.

మనం రాయచూరులో ఎందుకున్నామని మీరు చాలాసార్లు అడిగారు కదా. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ దోఆబు 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు రాష్ట్రాలను భాషను బట్టి విడదీసినప్పుడు రాయచూరు కన్నడ రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, కచేరీలో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన ఇళ్ళు ఉన్నచోటే ఉండిపోయాయి. ఆ తర్వాత తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు పారాక కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి సింధనూరు, మాన్వి చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ళ రాక వేరు, మా పాత కాపురాలు వేరు. గీత మారినా సంబంధాలు మాత్రం మారలేదు. పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా మా పెద్దల చూపు గద్వాల, ఆదోని, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపే. ఎక్కడికెళ్ళినా మళ్ళీ వైశ్యుల ఇంటికే. దొరికితే మేనరికమే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఇంజక్షన్ సంగతి. పెద్ద ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు రెండు పనులు చేస్తారు. ఒకటి, స్పృహ పోగొట్టడం. రెండు, కండరాలను సడలించడం. గొంతు కండరాలు బిగుసుకుని ఉంటే ఊపిరి గొట్టం లోపలికి దిగదు. ఈ రెండో పనికి 1950ల మొదటి నుంచీ ప్రపంచమంతా వాడుతున్న మందు సక్సినైల్‌కోలిన్. మన దవాఖానాల్లో దాన్ని స్కోలిన్ అంటారు. నరంలోకి ఎక్కించిన నిమిషం లోపే ఒళ్ళంతా సడలిపోతుంది. ఛాతీ కండరాలు కూడా సడలిపోతాయి గనక రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. డాక్టరు గొట్టం వేసి ఊపిరి ఆడిస్తారు. అయిదు పది నిమిషాలయ్యేసరికి మందు పని అయిపోతుంది, కండరాలు మళ్ళీ మాట వింటాయి.

అంత తొందరగా ఎలా అయిపోతుంది? మనం ఇందాక చెప్పుకున్న ఎంజైము వల్లనే. దాని అసలు పేరు బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. ఎక్కించిన స్కోలిన్‌లో ఎక్కువ భాగాన్ని అది నెత్తురులోనే విరగ్గొట్టేస్తుంది. కండరం దాకా చేరేది కొంచెమే. ఆ కొంచెమూ నెత్తురులోకి తిరిగొచ్చేసరికి ఎంజైము సిద్ధంగా ఉంటుంది. ఆ ఎంజైమే లేని మనిషికి ఇదే మోతాదు వేస్తే? విరిచేవాడు లేడు. అయిదు నిమిషాలు ఉండాల్సిన మందు గంటల తరబడి ఉంటుంది. ఆపరేషన్ అయిపోతుంది, మత్తు దిగిపోతుంది, మనిషికి తెలివి కూడా రావచ్చు. కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, ఊపిరి తీసుకోలేడు, నేను మేలుకునే ఉన్నానని చెప్పలేడు. డాక్టరు సంగతి పసిగట్టి వెంటిలేటర్ మీదే ఉంచి, మళ్ళీ నిద్రపుచ్చి, ఓపికగా కాచుకుంటే మందు మెల్లగా తనంతట తాను దిగిపోతుంది. మనిషి లేచి కూర్చుంటాడు, ఏ నష్టమూ ఉండదు. పసిగట్టకుండా ఆపరేషన్ అయిందని గొట్టం తీసేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది.

మా పెద్దత్తకు ఇదే జరిగింది. నేను కుర్రవాణ్ణి అప్పుడు. పొద్దున కడుపు ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళిన మనిషి చీకటి పడేదాకా కళ్ళు తెరవలేదు. అక్కడి డాక్టర్లు ఆమె పక్కనే ఉండి చేత్తో సంచీ నొక్కుతూ ఊపిరి ఆడించారు. వాళ్ళ పుణ్యాన బతికింది. ఇంట్లో మాత్రం దిష్టి అన్నారు, గ్రహచారం అన్నారు, వాసవమ్మకు మొక్కు తీర్చారు. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆడమనిషికి ఏదో లోపముందని నలుగురికీ తెలిస్తే ఆమె కూతుళ్ళ సంబంధాలు చెడతాయని భయం. చాలా ఏళ్ళకు ఆమె సొంత తమ్ముడు, మా చిన్నాన్న, వేరే ఊళ్ళో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాడు. అక్కకు జరిగింది ఆయనకు తెలుసు, కానీ అది మత్తు డాక్టరుకు చెప్పాల్సిన మాట అని తెలియదు. ఆయన కూడా అలాగే గంటల తరబడి కదలకుండా పడుకున్నాడు. బతికాడు. మా తాతా నాయనమ్మా మేనరికం దంపతులు. వాళ్ళ కడుపున పుట్టినవాళ్ళలో ఇద్దరికి ఒకే తీరున జరిగిందంటే అది దిష్టి కాదని ఎవరో ఒకరికి తోచాల్సింది.

డాక్టర్లకు తోచింది, దూరదేశంలో. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో వెర్నర్ కాలో అనే శాస్త్రవేత్త, స్కోలిన్ కొందరికే ఎందుకు ఇంతసేపు దిగదని 1950లలో పట్టుబట్టి వెతికాడు. ఆ ఎంజైము కొన్ని కుటుంబాల్లో వేరుగా ఉంటుందనీ, అది తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ తేల్చాడు. నెత్తురు చుక్కతో దాన్ని కొలిచే పద్ధతిని 1957లో ప్రకటించాడు. ఒకే మందు ఇద్దరు మనుషుల్లో రెండు రకాలుగా పనిచెయ్యడానికి పుట్టుక కారణం కావచ్చన్న చదువు ఇక్కడి నుంచే పుంజుకుంది. ఈ రోజు డాక్టర్లు జన్యువులు చూసి మందు మోతాదు నిర్ణయించే రోజులొస్తున్నాయంటే దాని వెనక ఈ స్కోలిన్ కథ ఉంది.

యూరప్ జనంలో ఈ ఎంజైము బొత్తిగా లేనివాళ్ళు లక్షకొకరు దొరకడం కష్టం. మన వైశ్యుల్లో మిగతావాళ్ళకన్నా ఇంచుమించు వంద రెట్లు ఎక్కువ. ఇది మన వైపు మత్తు డాక్టర్లకు అనుభవం మీద ముందే తెలుసు. పేషెంటు శెట్టిగారని వింటే స్కోలిన్ పక్కన పెట్టే పెద్ద డాక్టర్లు ఉండేవారు. అది ఏ మార్పు వల్ల వస్తుందో పట్టుకున్నది కోయంబత్తూరు. అక్కడి భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆర్. భూపతి, మనోహరన్, వాళ్ళ తోటివాళ్ళు అక్కడి వైశ్య కుటుంబాల నెత్తురు పరీక్షించారు. అమెరికాలో ఈ ఎంజైము మీదే జీవితమంతా పనిచేసిన ఒక్సానా లాక్రిడ్జ్ వాళ్ళతో కలిసింది. మూడో క్రోమోజోము మీద ఉన్న బీసీహెచ్‌ఈ అనే జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో ప్రొటీన్‌లో 307వ చోట లూసిన్ ఉండాల్సింది పోయి ప్రోలిన్ వచ్చి కూర్చుంది. ప్రోలిన్ వంగని అమైనో ఆమ్లం. అది వచ్చినచోట ప్రొటీన్ సరిగా మడత పడదు, నిలవదు. ఈ సంగతి 2006లో అచ్చయింది. ఆ మరుసటి ఏడు వాళ్ళే ఇంకో మంచి మాట చెప్పారు. ఈ ఎంజైము బొత్తిగా లేనివాళ్ళ ఆరోగ్యం వాకబు చేస్తే వాళ్ళు మామూలుగానే ఉన్నారు. నాకు ఈ రెండో మాట మొదటిదానికన్నా విలువైనది. లోపం కనిపెట్టడం ఒక ఎత్తు, దానివల్ల భయపడాల్సింది ఎంతో, భయపడనక్కర్లేనిది ఎంతో విడదీసి చెప్పడం ఇంకో ఎత్తు.

మరి మావాళ్ళలోనే ఎందుకు ఎక్కువ? దీనికి జవాబు హైదరాబాదులో దొరికింది. 1977లో పుష్పమిత్ర భార్గవ ఏర్పాటు చేసిన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ గురించి మీరు వినే ఉంటారు. అక్కడ లాల్జీ సింగ్, కుమారసామి తంగరాజ్ దేశంలోని రకరకాల జనసమూహాల నెత్తురు నమూనాలు ఏళ్ళ తరబడి సేకరించారు. హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ వచ్చి కలిశాడు. 2009లో వాళ్ళు 25 సమూహాల నుంచి 132 మంది జన్యువులు చదివి ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఆంధ్ర వైశ్యులున్నారు. మన దేశంలో చాలా సమూహాలు ఎప్పుడో ఒకప్పుడు కొద్దిమంది పూర్వీకుల దగ్గర మొదలై, ఆ తర్వాత బయటివాళ్ళను కలుపుకోకుండా పెరిగాయని అది చెప్పింది. వైశ్యుల్లో ఆ ఇరుకు కాలం రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ళ కిందటిదనీ, అప్పటి నుంచి బయటి నుంచి వచ్చి కలిసింది తరానికి నూటికి ఒక్క పాలు కూడా లేదనీ రైక్ 2018లో తన పుస్తకంలో రాశాడు. లక్షల మంది జనం, ఇన్ని వేల ఏళ్ళు, నూటికి ఒక్క పాలు! కట్టుబాటు గట్టిదని ఎవరైనా చెబుతారు. ఎంత గట్టిదో నెత్తురు చెప్పింది.

దీన్ని మన జొన్న చేల మీద చెప్తాను. ఒక ఊళ్ళో పెద్ద కరువొచ్చింది. చేలన్నీ ఎండి, చివరికి ఒక ఇంటి గాదెలో రెండు గంపల జొన్న మిగిలింది. మర్నాటి ఏడు వాన పడితే ఊరంతా ఆ రెండు గంపల్లోంచే విత్తుకున్నారు. పండిన పంటలోంచి మళ్ళీ విత్తనం దాచుకున్నారు, పొరుగూరి విత్తనం ముట్టలేదు. కరువుకు ముందు ఊరి జొన్నలో వెయ్యికొకటి ఉన్న ఒక తేడా గింజ ఆ రెండు గంపల్లో యాదృచ్ఛికంగా వందకొకటి పడిందనుకోండి. నూరేళ్ళ తర్వాత ఊరి చేలు ఎంత విశాలమైనా ఆ గింజ వందకొకటిగానే ఉంటుంది. ఆ ఊరి రైతులు చెడ్డ రైతులు కారు, ఆ నేల చెడ్డ నేలా కాదు. కరువులో ఏ గంపలు మిగిలాయన్నదే తేడా.

ఇంకో లెక్క ఉంది, పలకా బలపం తీయండి. ఈ లోపం కనబడాలంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలూ మారినవే రావాలి. ఒక్కటే వస్తే ఎంజైము సగం ఉంటుంది, స్కోలిన్‌ను విరగ్గొట్టడానికి మామూలుగా అది చాలు. మారిన కాపీ వెయ్యికొకటి ఉంటే, రెండూ అవే పడే అవకాశం వెయ్యిని వెయ్యితో గుణించినంత, అంటే పది లక్షల్లో ఒకరికి. అదే వందకొకటి అయితే వందను వందతో గుణించండి, పదివేలలో ఒకరికి. కాపీ పది రెట్లే పెరిగింది, కానీ లోపమున్న మనుషులు వంద రెట్లయ్యారు! ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే గానీ, ఇరుకు కాలం దాటొచ్చిన సమూహాల్లో అరుదైన రోగాలు ఎందుకు అంతగా బయటపడతాయో ఈ గుణకారం చెబుతుంది.

మా ఇళ్ళలో చెప్పుకునే వాసవీ కన్యక కథ మీకు తెలుసు. పెనుగొండలో అమ్మవారితో పాటు 102 గోత్రాల దంపతులు అగ్నిలో దూకారనీ, ఆ గోత్రాలవాళ్ళే నేటి ఆర్యవైశ్యులనీ. జన్యుశాస్త్రం చెప్పిందీ కొద్దిమంది నుంచి వచ్చామనే కదా అని ఈ రెండిటినీ ముడిపెట్టాలని మీకు ఉబలాటం పుట్టొచ్చు. అలా చెయ్యకండి. నెత్తురు చెబుతున్న ఇరుకు కాలం ఆ కథ జరిగిందని చెప్పుకునే కాలానికన్నా చాలా పాతది. కథను భక్తితో వినండి, లెక్కను లెక్కగా చూడండి.

మేనరికం మాట కూడా ఇక్కడే తేల్చాలి. మేనబావకు పిల్లనివ్వడం, ఇటు కన్నడ దేశంలోనూ ఉన్నట్టు అక్క కూతుర్ని చేసుకోవడం, దీని గురించి శాస్త్రజ్ఞులకు ఎప్పటి నుంచో కుతూహలం. 1957లో ఇంగ్లండు వదిలి ఇండియాకొచ్చి మన పౌరుడైన మహా శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పిఠాపురం కుర్రవాడు ద్రోణంరాజు కృష్ణారావు శిష్యుడిగా చేరాడు. ఆయనా, మీరాఖాన్ అనే ఇంకో పరిశోధకుడూ కలిసి ఆంధ్రదేశంలో దగ్గరి పెళ్ళిళ్ళు ఎన్ని, వాటి ఫలితమేమిటి అని లెక్కలు తీసి 1960ల మొదట్లో ప్రచురించారు. ఇంటింటి పెళ్ళిళ్ళ వివరాలు అడిగి రాసుకోవడం ఆ రోజుల్లో తేలికైన పని కాదు. తెలుగువాళ్ళు తమ ఇళ్ళ గురించి తామే శాస్త్రం రాసుకున్న తొలి ప్రయత్నాల్లో అదొకటి, మనం దాన్ని మరిచిపోవడం బాగాలేదు.

మేనరికంలో ఒకే తాత నుంచి వచ్చిన ఒకే కాపీ రెండు దారుల్లో వచ్చి బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. మేనబావా మరదళ్ళ బిడ్డకు ఏ జన్యువులోనైనా అలా రెండూ ఒకటే అయ్యే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామను చేసుకున్న పిల్ల బిడ్డకు ఎనిమిదింట ఒక వంతు. కాబట్టి మేనరికం మానండి అని డాక్టర్లు చెప్పేది నిజమే. కానీ సీసీఎంబీ, హార్వర్డ్‌వాళ్ళ పని ఇంకో సంగతి బయటపెట్టింది. ఇరుకు కాలం దాటొచ్చిన సమూహంలో, ఏ చుట్టరికమూ లేదనుకుని రాయచూరు అబ్బాయికి నెల్లూరు అమ్మాయిని చేసినా, ఇద్దరిలోనూ ఆ పాత కాపీ ఉండే అవకాశం మామూలుకన్నా ఎక్కువే. ఏడు తరాలు వెనక్కి లెక్కించినా కనిపించని చుట్టరికం అది. మేనరికం ఒక్కటీ మానేస్తే సమస్య తీరిపోతుందని నేనూ చాలాకాలం విన్నాను. సగమే తీరుతుంది.

"తాతా, అయితే శెట్లందరిదీ రోగిష్టి రక్తమేనా?" అని మొన్న చిన్నది అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కాదమ్మా. ఎంత ఎక్కువన్నా ఈ ఎంజైము బొత్తిగా లేనివాళ్ళు మాలో కూడా కొద్దిమందే. పైగా ఇది మా ఒక్కరి కథ కాదు. 2017లో తంగరాజ్, రైక్, వాళ్ళ బృందం దక్షిణాసియాలోని 2,800 మందికి పైగా మనుషుల జన్యువులు చదివారు. 263 సమూహాల్లో 81 సమూహాలు, ఫిన్లండ్‌వాళ్ళకన్నా, యూరప్ యూదులకన్నా ఇరుకైన కాలం దాటొచ్చినవని తేలింది. వాటిలో 14 సమూహాల జనాభా ఒక్కొక్కటీ పది లక్షలకు పైమాటే. ఫిన్లండ్‌వాళ్ళూ యూదులూ ఎందుకంటే, ఇరుకు కాలం వల్ల వచ్చే రోగాలకు ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణలు వాళ్ళు. వాళ్ళను మించిన ఉదాహరణలు మన ఊళ్ళలో ఎనభై పైచిలుకు ఉన్నాయన్నమాట. చాలా కులాల్లో ఏ లోపం దాగుందో ఇంకా ఎవరూ వెతకలేదు. మా లోపం బయటపడింది కాబట్టి మాది చెడ్డ రక్తం, మీది బయటపడలేదు కాబట్టి మంచి రక్తం అనుకునేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

మన కర్ణాటకలోనే ఇంకో ఉదాహరణ. శివమొగ్గ జిల్లా సాగర తాలూకా హందిగోడు అనే ఊళ్ళో 1970ల నడుమ పేద కూలి కుటుంబాలవాళ్ళు తుంటి, మోకాలి కీళ్ళు అరిగిపోయి మంచాన పడ్డారు. వరిమళ్ళలో కొట్టిన పురుగుమందు ఎండ్రకాయల్లో చేరి, వాటిని తిన్నవాళ్ళకు వచ్చిందేమో అని మొదట అనుమానించారు. హైదరాబాదు పోషకాహార సంస్థవాళ్ళూ వచ్చి చూశారు. తర్వాత వంశవృక్షాలు గీసి చూస్తే అది తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగే జబ్బని తేలింది. విషమా, పుట్టుకా అన్న ఈ సందేహం మన పరీక్షలోనూ ఉంది. సూడోకోలినెస్టరేజ్ సున్నా చూపిస్తే అది పురుగుమందే కావాలని లేదు. రోగి ఒంట్లో విషం లక్షణాలేమీ లేకపోతే అది పుట్టుకతో వచ్చిందేమో అని కూడా ఆలోచించాలి.

ఇక్కడ మీకొక తేడా చెప్పాలి. మావాళ్ళ స్కోలిన్ సంగతిలో జన్యువు ఒక్కటే కారణం, మందు పడితేనే బయటపడుతుంది. చాలా జబ్బులు అలా ఉండవు. జన్యువు ముప్పును పెంచుతుందంతే, జబ్బును రాసిపెట్టదు. దీనికి మంచి ఉదాహరణ గుండెది. 2009లోనే తంగరాజ్, దండపాణి, వాళ్ళ తోటివాళ్ళు ఇంకో సంగతి ప్రకటించారు. గుండె కండరంలో మయోసిన్ బైండింగ్ ప్రొటీన్ సి అని ఒకటుంది. దాని జన్యువులో 25 అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయి ఉండడం భారత ఉపఖండంలో నూటికి నలుగురిలో కనిపిస్తుంది, మిగతా ప్రపంచంలో దాదాపు లేదు. ఇది ఒక కులానిదీ కాదు, ఒక రాష్ట్రానిదీ కాదు. ఇలాంటివాళ్ళలో నడివయసు దాటాక గుండె కండరం బలహీనపడి గుండె విఫలమయ్యే ముప్పు చాలా ఎక్కువని ఆ వ్యాసం చెప్పింది. జబ్బు పిల్లలు పుట్టిన తర్వాతి వయసులో వస్తుంది గనక ఆ ముక్క లేని కాపీ తరం నుంచి తరానికి నిక్షేపంగా దిగుతూ వచ్చింది.

అయితే తర్వాతి పరిశోధనలు ఆ ముప్పు అందరికీ ఒకేలా లేదన్నాయి. ఆ ఊడిన ముక్కతో పాటే కొందరిలో అదే జన్యువులో ఇంకో చిన్న మార్పు ఉందనీ, ముప్పులో చాలా పాలు దానిదేననీ 2018లో ఒక బృందం చూపించింది. శాస్త్రం ఇలాగే నడుస్తుంది. మొదటి మాట తప్పు కాలేదు, మరింత కచ్చితమైంది. ఆ ముక్క లేకుండానే తొంభై ఏళ్ళు బతికిన గుండెలు ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా నలభై, యాభై ఏళ్ళకే గుండె పెరిగిందనో, గుండె ఆగిందనో పోయి ఉంటే, మిగతావాళ్ళు ఒక ఎకో తీయించుకోవడం, బీపీ అదుపులో ఉంచుకోవడం మంచిది. అంతకుమించి దీన్ని తలచుకుని నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మరి మనం ఏం చెయ్యాలి? న్యూయార్కులో జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదు గురువు టే శాక్స్ అనే భయంకరమైన జబ్బుకు తన బిడ్డల్ని పోగొట్టుకున్నాడు. ఆయన 1980లలో ఒక సంస్థ పెట్టాడు. వయసొచ్చిన పిల్లల నెత్తురు పరీక్షించి ఒక సంఖ్య ఇస్తారు, పేరుండదు. సంబంధం చూసేటప్పుడు రెండు సంఖ్యలు చెబితే, ఇద్దరిలోనూ ఒకే మారిన కాపీ ఉందో లేదో మాత్రం చెబుతారు. ఎవరిలో ఏముందో ఊరికి తెలియదు, ఎవరి పరువూ పోదు. ఆ పట్టుదల వల్లా, మిగతా పరీక్షల వల్లా యూదుల్లో ఆ జబ్బుతో పుట్టే పిల్లలు నూటికి తొంభై పాళ్ళు తగ్గిపోయారు. పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళ సమాజమే అది కూడా. మన కుల సంఘాలు కల్యాణ మండపాలు కట్టిస్తున్నాయి, విద్యార్థి వసతిగృహాలు నడుపుతున్నాయి, వధూవరుల పరిచయ వేదికలు పెడుతున్నాయి. ఆ పక్కనే ఇలాంటి పని ఎందుకు తలపెట్టకూడదు? పదివేల మంది భారతీయుల జన్యువులు చదివిన జీనోమ్ ఇండియా పని పూర్తయింది. పరీక్షలు చౌక అవుతున్నాయి. లేనిది ఒక్క పూనికే.

స్కోలిన్ లోపానికి మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు. దానికోసం ఏ సంబంధమూ చెడగొట్టనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. ఆ మందు వాడకుండా ఆపరేషన్ చెయ్యడానికి రోక్యూరోనియం వంటి వేరే మందులున్నాయి. మైవాక్యూరియం అనేదాన్ని మాత్రం ఈ ఎంజైమే విరగ్గొట్టాలి గనక అది కూడా వద్దు. మానసిక చికిత్సలో కరెంటు షాక్ ఇచ్చే ముందు కూడా స్కోలిన్ వాడతారని గుర్తుంచుకోండి. డాక్టరుకు ముందే తెలిస్తే చేతిలో వేరే దారి ఉంటుంది. తెలియకపోతే రాత్రంతా వెంటిలేటరే.

కాబట్టి నా మనవి ఇది. మీరు వైశ్యులైనా కాకపోయినా, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత చాలాసేపు ఊపిరి, కదలిక రాలేదని ఎప్పుడైనా విని ఉంటే, అమ్మమ్మల్నీ నాయనమ్మల్నీ అడిగి ఆ సంగతి కనుక్కోండి. అలా జరిగిన మనిషి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ చెప్పండి, ఎందుకంటే ముప్పు ముందు వాళ్ళకే. సూడోకోలినెస్టరేజ్ పరీక్ష చేయించి, తక్కువ వస్తే ఒక కాగితం మీద రాయించుకుని ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోండి. మీరు వైశ్యులైతే, ఇంట్లో ఎవరికీ ఏమీ జరగకపోయినా సరే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి పలకరించినప్పుడు వాళ్ళు అడగకముందే చెప్పండి: "మేము ఆర్యవైశ్యులం డాక్టరుగారూ, స్కోలిన్ విషయంలో కాస్త చూడండి."